హెరాల్డ్ కొన్నాను, ఇంజిన్ ఏదో కూడా తేల్చుకున్నాను

ముందు అసలు సంగతి చెప్పేస్తానండి, ఎందుకో తర్వాత చెప్తాను. పాత స్పోర్ట్స్ కారు ఒకటి తెచ్చి మన ఊళ్ళోనే బాగుచేసుకోవాలని ఎప్పట్నుంచో ఉంది, చివరికి తీసుకున్నది స్టాండర్డ్ హెరాల్డ్, రెండు డోర్లది, అరవైల్లో మద్రాసులో తయారైన బండి. ఇంజిన్ కూడా దాని సొంతదే, 948 సీసీ. మారుతి జిప్సీ ఇంజిన్ పెట్టట్లేదు, ప్రీమియర్ 118 ఎన్‌ఈ కారు ఇంజినూ పెట్టట్లేదు. ఈ మాట చెప్పగానే భీమవరంలో మా ఫ్రెండ్సంతా ఒకటే గోల, హెరాల్డ్ స్పోర్ట్స్ కారేంట్రా, డాక్టర్లూ ప్లీడర్లూ పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని తిరిగిన బండి కదా అని. తిరిగారు, కాదనను. కానీ బాడీ పైన కాదు, కింద ఏముందో చూడాలండి.

ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ వాళ్ళు హెరాల్డ్‌ని 1959లో తెచ్చారు, దాన్నే మద్రాసులో స్టాండర్డ్ పేరుతో చేశారు, డిజైన్ చేసింది ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలొట్టి. 1962లో అదే కంపెనీ అదే డిజైనర్‌తో స్పిట్‌ఫైర్ అని రెండు సీట్ల ఓపెన్ స్పోర్ట్స్ కారు దించింది, దాని ఛాసిస్ హెరాల్డ్ ఛాసిస్‌ని కుదించి చేసిందే. ముందు సస్పెన్షన్ అదే, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ అదే, వెనకాల అడ్డంగా ఒకే లీఫ్ స్ప్రింగు అదే. ఇంజిన్ కూడా ఒకటే కుటుంబం, హెరాల్డ్ 948 సీసీకి బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 63 మిల్లీమీటర్లు, మొదటి స్పిట్‌ఫైర్ 1147కి 69.3, తర్వాత వచ్చిన 1296కి 73.7, స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, మాత్రం మూడింటికీ 76 మిల్లీమీటర్లే. అంటే బోరు పెంచుకుంటూ పోయారన్నమాట. హెరాల్డ్ ముందు భాగం మొత్తం, బానెట్టూ మడ్‌గార్డులూ కలిపి, ఒక్కసారిగా ముందుకి లేస్తుంది, టైరు మీద కూర్చుని ఇంజిన్ పని చేసుకోవచ్చు, స్పిట్‌ఫైర్‌కీ అంతే. పైగా 25 అడుగుల్లో తిరిగిపోతుంది, మన కాలవ గట్ల మీద ఎదురుగా ట్రాక్టర్ వచ్చినప్పుడు ఆ మాట విలువ తెలుస్తుంది.

మరి స్పిట్‌ఫైరే కొనొచ్చుగా అంటే, మన దేశంలో ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని, ఉన్నవాళ్ళు అమ్మరు, అమ్మితే ఆ రేటుకి ఇక్కడ చేపల చెరువు లీజుకి వస్తుంది. ఎంజీ అనే ఇంకో ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు సంగతి కూడా చాలా రోజులు ఆలోచించాను, ఎందుకంటే అందులో ఒక ఆశ ఉంది. 1955లో వచ్చిన ఎంజీఏలో ఇంజిన్ బీఎంసీ బీ సిరీస్ 1489 సీసీ. మన అంబాసిడర్‌లో ఏళ్ళ తరబడి ఉన్నదీ అదే బీ సిరీస్ 1489. హెడ్డూ క్యామూ కార్బరేటర్లూ వేరు గానీ బ్లాకు ఒకటే కుటుంబం. రాజమండ్రి తాడేపల్లిగూడెం మధ్యలో అంబాసిడర్ ఇంజిన్ కళ్ళు మూసుకుని విప్పి బిగించే మేస్త్రీలు ఇంకా ఉన్నారు, సామాను విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. కాబట్టి ఇంజిన్ సమస్య తీరిపోయినట్టే కదా అనిపిస్తుంది, కానీ తీరేది ఇంజిన్ ఒక్కటే. ఎంజీఏకి కాళ్ళ కింద నేల ప్లైవుడ్డు, డోర్లూ బానెట్టూ డిక్కీ మూత అల్యూమినియం రేకు. మన తేమకి, మన చెదలకి ఆ ప్లైవుడ్డు ఎంతకాలం ఆగుతుందో మీకు తెలుసు, దానికి తోడు ఒక్క డోరు పాడైతే ఆ డోరు ఇండియాలో లేదు. ఇంజిన్ తొందరగా దొరుకుతుందని బండిని ఎంచుకోవడం తలకిందుల పని, మొదట బాడీ, ఛాసిస్, కాగితాలు. ఈ మూడూ గట్టిగా ఉంటే ఇంజిన్ ఎంత పాడైనా బాగవుతుంది, ఈ మూట్లో ఒకటి పోతే ఎంత మంచి ఇంజిన్ ఉన్నా లాభం లేదు.

అంబాసిడర్ కంపెనీ వాళ్ళదే కాంటెస్సా కారు గురించి కూడా చాలామంది చెప్పారు. ఇసుజు 1.8 ఇంజిన్‌తో 88 హార్స్‌పవర్, అయిదు గేర్లు, అప్పట్లో అది ఒక ఊపు ఊపింది, నాకూ ఇష్టమే. కానీ అది పెద్ద సెలూన్ బండి, తేలిగ్గా ఉండదు, నాకు కావలసింది తేలికపాటి బండి. హెరాల్డ్ సుమారు 800 కిలోలు. అక్కడితో కాంటెస్సా అయిపోయింది.

ఇప్పుడు బండి ఎక్కడ కొనాలి అన్న ముక్క, ఇది మన వైపు వాళ్ళు బాగా పట్టించుకోవాలి. బండి మెట్టలోంచి కొనండి. డెల్టాలోంచి, అందులోనూ కోనసీమ లోంచి, నర్సాపురం మొగల్తూరు వైపు నుంచి పాత బండి వస్తే రెండుసార్లు ఆలోచించండి. ఉప్పుగాలి ఒకటి, రొయ్యల లారీల్లోంచి కారే ఐసు నీళ్ళు రోడ్డు మీద పడి బండి అడుక్కి కొట్టుకోవడం ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యం వరద. 1986 ఆగస్టులో గోదారి వచ్చినప్పుడు ఈ బండి ఎక్కడుంది, 1996 నవంబర్ 6న తుఫానుకి ఎక్కడుంది అని అడగండి, అమ్మేవాళ్ళు నవ్వినా సరే అడగండి. హెరాల్డ్ ఛాసిస్ పెట్టెలాగా మూసి ఉండే రేకు, లోపలికి బురద నీళ్ళు పోతే బయటికి రావు, బయట పెయింటు నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల్నించి తినేస్తూ ఉంటుంది. నేను తీసుకున్నది జగ్గంపేట వైపు బండి, ఎండకి సీట్లు చీలికలైపోయాయి, డ్యాష్‌బోర్డు పెచ్చులు లేచింది, రబ్బరన్నది ఒక్కటి మిగల్లేదు, అయినా ఛాసిస్ ఖంగుమంటోంది. ఎండకి పోయినవన్నీ కొనుక్కోవచ్చండి, నీటికి పోయినవే కష్టం.

చూసేటప్పుడు జేబులో పాత స్క్రూడ్రైవరూ చిన్న సుత్తీ ఉంటే చాలు. ఛాసిస్ మధ్యలోంచి రెండు పక్కలకీ చేతుల్లాగా బయటికి వచ్చే రేకులుంటాయి, బాడీ వాటి మీదే బోల్టులతో కూర్చుంటుంది, మొదట పోయేవి అవే. సుత్తితో తడుతూ వెళ్తే మంచి చోట ఖణేల్మని, పోయినచోట డొప్ప చప్పుడు వస్తుంది, అక్కడ స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే దిగిపోతుంది. డిక్కీ కింద చివర్లూ, డోరు గడప కింద పట్టీలూ కూడా అంతే. లప్పం పెట్టి కప్పేసిన చోటు అయస్కాంతం అంటుకోదు, ఫ్రిజ్ మీద పిల్లలు పెట్టుకునే బొమ్మ అయస్కాంతమైనా సరిపోతుంది. ఈ రేకులు మన టింకరింగ్ వాళ్ళు కొత్తవి మలిచి వెల్డింగ్ చేసేస్తారు, అవి పోయినంత మాత్రాన బండి వదిలెయ్యక్కర్లేదు, మధ్యలో ఉన్న రెండు పొడుగు దూలాలు పోతే మాత్రం దండం పెట్టి వచ్చెయ్యండి.

ముందు చక్రాల దగ్గర ట్రనియన్ అని ఒక ఇత్తడి రంగు ముక్క ఉంటుంది, నిలువు కడ్డీ మర కింది చివర దాంట్లో తిరుగుతూ ఉంటుంది, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మర మీదే చక్రం తిరుగుతుంది. దానికి వెయ్యాల్సింది గ్రీజు కాదు, ఈపీ 90 గేర్ ఆయిలు. మన దగ్గర సర్వీసింగ్ అంటే గ్రీజు గన్ను పట్టుకుని కనిపించిన ప్రతి గ్రీజు నిపిల్‌లోకీ కొట్టెయ్యడమే కదా, ఆ గ్రీజు లోపల గట్టిపడి కూర్చుంటుంది, మరలోకి నూనె పోదు, నీరు చేరుతుంది, తుప్పు పట్టి ఒకరోజు కడ్డీ విరిగి చక్రం పక్కకి పడిపోతుంది. హెరాల్డ్, స్పిట్‌ఫైర్ ఏది కొన్నా ఇంటికి తెచ్చిన రోజే ఇది విప్పి చూడండి, పెయింటు రంగు గురించి తర్వాత ఆలోచించుకోవచ్చు.

సరే, ఇంజిన్. ఇక్కడే ఎక్కువ రోజులు పట్టింది నాకు.

మొదటి ఆలోచన జిప్సీ. సుజుకి జీ13 ఇంజిన్, 1298 సీసీ, మొత్తం అల్యూమినియం, చాలా తేలిక, ఎంపీఎఫ్ఐది, అంటే కార్బరేటర్ లేని ఫ్యూయల్ ఇంజెక్షన్‌ది, 80 హార్స్‌పవర్. జిప్సీలో ఇంజిన్ బండి పొడుగు వెంబడి ఉంటుంది, నాలుగు చక్రాలకీ పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గేర్ బాక్స్‌కి అంటుకోకుండా వేరేగా ఉంటుంది, కాబట్టి ఆ కేసు పక్కన పడేసి గేర్ బాక్స్ నుంచి నేరుగా వెనక్కి ప్రొపెల్లర్ షాఫ్ట్ వేసుకోవచ్చు. అయిదు గేర్లు, ఏసీ కూడా పెట్టుకోవచ్చు, సామాను ప్రతి ఊళ్ళో దొరుకుతుంది. చెప్పుకుంటే నోరూరుతుంది. రెండోది ప్రీమియర్ 118 ఎన్‌ఈలో వచ్చిన నిస్సాన్ ఏ12, 1171 సీసీ, అయిదు మెయిన్ బేరింగులు, పుష్‌రాడ్ ఇంజిన్, ఇనప బ్లాకు అల్యూమినియం హెడ్డు. పద్మినిల్లో ఈ ఇంజిన్ పెట్టుకుని తిరిగినవాళ్ళు చాలామంది ఉన్నారు, గట్టి ఇంజిన్, దాన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు.

అయినా వద్దనుకున్నాను, కారణం బండి వెనకాల ఉంది. హెరాల్డ్‌కి వెనక స్వింగ్ యాక్సిల్, చక్రం పైకీ కిందకీ కదిలేకొద్దీ వంగుతూ ఉంటుంది. మలుపులో స్పీడు మీద ఉండి భయంతో ఒక్కసారి యాక్సిలరేటర్ వదిలేసి బ్రేక్ తొక్కారంటే వెనక భాగం పైకి లేచి బయటి చక్రం లోపలికి మడత పడినట్టు అవుతుంది, బండి తోక తిప్పేస్తుంది. ట్రయంఫ్ వాళ్ళే దీన్ని స్పిట్‌ఫైర్ మార్క్ ఫోర్‌లో, అంటే 1970లో, స్ప్రింగు బిగించే పద్ధతి మార్చి సరిచేశారు. ఈ యాక్సిల్‌కి, ఈ డ్రమ్ బ్రేకులకి, ఈ చిన్న డిఫరెన్షియల్‌కి 80 హార్స్‌పవర్ ఇస్తే ముందు యాక్సిల్ షాఫ్టులు పోతాయి, అవి పోకపోతే మనం కాలవలో ఉంటాం. అప్పుడు డిస్కు బ్రేకులు పెట్టాలి, డిఫరెన్షియల్ మార్చాలి, సస్పెన్షన్ మార్చాలి, ఇవన్నీ మార్చాక అక్కడ మిగిలేది హెరాల్డ్ బాడీ తొడుక్కున్న ఇంకో బండి. అలాంటిదే కావాలనుకునేవాళ్ళు చేసుకోవచ్చు, నాకు అది కావాలని లేదు.

కాగితాల గొడవ కూడా ఉంది. ఆర్సీలో ఇంజిన్ నంబరు రాసి ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ని మన ఇష్టానికి మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రూల్ చూస్తే, 50 ఏళ్ళు దాటిన బండికి వీఏ అనే అక్షరాలతో ప్రత్యేకం నంబరు ఇస్తారు, కొత్తగా చేయించుకుంటే ఫీజు 20,000, పదేళ్ళ వరకు చెల్లుతుంది. కానీ ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలి. ఇంకో మెలిక, వింటేజ్ కింద తీసుకుంటే ర్యాలీలకీ ఎగ్జిబిషన్‌లకీ పెట్రోలుకీ రిపేరుకీ తప్ప రోజువారీ తిరగడానికి లేదు. నా బండికి పాత ఆర్సీ ఉంది, పేరు కూడా అమ్మినాయన పేరు మీదే ఉంది, అందుకని మామూలుగా అయిదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించుకునే దారే ఎంచుకున్నాను, ఎందుకంటే నాకు దాంట్లో పాలకొల్లు సంతకి వెళ్ళాలని ఉంది, ఎగ్జిబిషన్‌లో తాడు కట్టి నిలబెట్టాలని లేదు. అయితే ఇంజిన్ నంబరు మాత్రం కదపను, రేపు ఎవరైనా వింటేజ్ చేయించుకుంటామంటే దారి మూసుకుపోకూడదు కదా. దీనికంటే ముందు ఇంకో హెరాల్డ్ చూశాను, ఆర్సీ జిరాక్స్ చూపించి ఒరిజినల్ మా తమ్ముడి దగ్గరుందండి అన్నారు, ఛాసిస్ నంబరు పలక మీద రివిట్లు కొత్తవి. రేటు ఎంత తగ్గించినా అలాంటివి ముట్టుకోకండి.

ఇంక 948 ఇంజినే అని తేలాక, దాన్ని ఎలా చెయ్యాలన్నది. మామూలు హెరాల్డ్‌కి ఒక్క సోలెక్స్ కార్బరేటర్, సుమారు 35 హార్స్‌పవర్. కానీ 1959లోనే ట్రయంఫ్ వాళ్ళు హెరాల్డ్ కూపేకి ఇదే 948 మీద రెండు ఎస్‌యూ కార్బరేటర్లు పెట్టి సుమారు 45 చేశారు. అదేనండి నేను చెయ్యబోయేది. పది హార్స్‌పవరే కదా అంటారు, 35 మీద పది ఎంతో ఆలోచించండి. అంతా ఆ కంపెనీ వాళ్ళు ఆ రోజుల్లో చేసిందే, బ్లాకు అదే, నంబరు అదే, ఆ యాక్సిల్ తట్టుకోగలిగినంతే. మన రోడ్ల మీద, రావులపాలెం నుంచి అమలాపురం వెళ్ళే దారైనా, నర్సాపురం రేవులో పంటు ఎక్కి అంతర్వేది వైపు వెళ్ళినా, అరవై డెబ్బై మించి ఎవరికి కావాలి. కిటికీ దించుకుని, కిందకి కూర్చుని, స్టీరింగ్ చేతిలో సూటిగా మాట్లాడుతూ ఉంటే ఆ అరవైకే ఒళ్ళు పులకరిస్తుంది.

ఇంజిన్ విప్పింది మా దగ్గర్లో లేత్ షాపు మేస్త్రి గారి దగ్గర. ఆయన పని ఎక్కువగా చెరువుల మీద డీజిల్ ఇంజిన్లు, పడవ ఇంజిన్లు, కోత మిషన్లు. హెరాల్డ్ బ్లాకు చూడగానే చేత్తో బోరులో ఒకసారి తడిమి, పై అంచు దగ్గర గోరు ఆపి, "గట్టు పడిందండి బాబుగారూ, రింగు తిరిగినంత మేర తినేసింది" అన్నారు. మైక్రోమీటర్ తర్వాత పెట్టారు, గోరు చెప్పిందే అదీ చెప్పింది. స్లీవులు, అంటే సిలిండర్‌లో కొత్త ఇనప గొట్టాలు, వేసి మళ్ళీ 63కి తెద్దాం అంటున్నారు, డీజిల్ ఇంజిన్లకి స్లీవులు వెయ్యడం ఆయనకి రోజూ పనే, బ్లాకు ఎప్పటికీ పనికొస్తుంది, ఓవర్ సైజు పిస్టన్ల కోసం వెతుక్కోనక్కర్లేదు. నాకిది చాలా నచ్చింది. ఇంజిన్ ఎంచుకోవడంలో నేను చూసే లెక్క ఇదే, ఆటో ట్రాలీలో వేసి మధ్యాహ్నం లోపు దింపగలిగే దూరంలో దాన్ని విప్పి చూసి చేసిపెట్టే మనిషి ఉన్నాడా లేడా. జిప్సీ ఇంజిన్‌కీ మనుషులున్నారు, నిజమే, కానీ ఇనప బ్లాకూ పుష్‌రాడ్లూ అంటే మన డెల్టాలో చేతులకి కొట్టినపిండి, పంపుసెట్ల దగ్గర్నుంచీ అదే చేస్తున్నారు కదా.

ఆయనకి తెలియంది, నేను చెప్పింది ఒకటుంది, అది ఈ కుటుంబం ఇంజిన్లు అన్నిటికీ ఉన్న జబ్బు, స్పిట్‌ఫైర్లకీ ఉంది. క్రాంక్ ముందుకీ వెనక్కీ జరక్కుండా వెనక మెయిన్ బేరింగ్ దగ్గర రెండు అర్ధచంద్రాకారపు థ్రస్ట్ వాషర్లు ఉంటాయి. అవి అరిగి అరిగి ఒకరోజు జారి కింద ఇంజిన్ ఆయిలు ఉండే సంపులో పడిపోతాయి, ఆ తర్వాత క్రాంక్ నేరుగా బ్లాకుని తినేస్తుంది, బ్లాకు పోయినట్టే. కొనేముందే చూసుకోవచ్చు, ఒకరిని లోపల కూర్చోబెట్టి క్లచ్ తొక్కి వదులుతూ ఉండమనండి, మీరు ముందు క్రాంక్ పుల్లీ వైపు చూడండి, కంటికి కనపడేంత జరుగుతోందంటే అనుమానించాలి. ఉండాల్సింది 4 నుంచి 8 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) మధ్య. మాది డయల్ గేజ్ పెట్టి చూస్తే ఎక్కువే వచ్చింది గానీ వాషర్లు ఇంకా చోట్లోనే ఉన్నాయి, బ్లాకుకి గీత పడలేదు. మేస్త్రి గారు ఆ అరిగిన వాషర్ని బొటనవేలి మీద పెట్టుకుని లైటు దగ్గర అటూ ఇటూ తిప్పి, ఇంత ముక్క మీద ఇంత ఇంజినా అన్నట్టు చూసి, కాగితంలో చుట్టి బల్ల సొరుగులో దాచుకున్నారు.

హెడ్డు విషయంలో ఖర్చుకి వెనకాడకండి. ఇది సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో చేసిన ఇంజిన్, ఆ సీసమే వాల్వు సీట్లని కాపాడేది, 2000 నుంచి మన దగ్గర ఆ పెట్రోలు లేదు. హెడ్డు ఎలాగూ ఫేసింగ్‌కి వెళ్తుంది కాబట్టి ఎగ్జాస్టు వైపు గట్టి సీట్లు చెక్కించి పెట్టించేస్తున్నాను. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలు, దానికి పాత రబ్బరు పైపులు మెత్తబడి ఊడిపోతాయి, బండిలో ఉండే పెట్రోలు పంపులో డయాఫ్రం పోతుంది, పైగా ఇథనాల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, మన దగ్గర గాల్లో తేమకి కొదవా. బండి నెలల తరబడి నిలబెడితే ట్యాంకు అడుగున నీరు చేరి లోపల తుప్పు మొదలవుతుంది. అందుకని పైపులన్నీ ఇథనాల్‌కి ఆగే రకం, ట్యాంకు లోపల కడిగించి పూత, ఒక ఫిల్టర్ కనపడేలా బయట. వైరింగ్ కూడా మొత్తం కొత్తదే, అది పెద్ద పని కాదు. డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెడుతున్నాను, పాత హెరాల్డుల్లో పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ పాజిటివ్ వైరు బాడీకి కలుపుతారు, బ్యాటరీ వైర్లు అలవాటుకొద్దీ బిగించేముందు అది చూసుకోవాలి. డెల్కో, అంటే ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్, మాత్రం పాతదే ఉంచి లోపల పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ కిట్టు.

పనులు ఈ వరసలో పెట్టుకున్నాను, ముందు బాడీ ఎత్తి ఛాసిస్ మీద రేకుల పని, ఈలోపు బ్లాకు స్లీవులకి, తర్వాత ట్రనియన్లూ బ్రేకులూ, కార్బరేటర్లు చివర్లో. పిస్టన్లూ బేరింగులూ గ్యాస్కెట్లూ ఇంగ్లండ్‌లో ఇంకా కొత్తవి దొరుకుతున్నాయి, కస్టమ్సూ కొరియరూ కలిపితే రేటు మండిపోతుంది గానీ ఇంజిన్ లోపల వేసేవాటికి బేరం చూడదల్చుకోలేదు. గాజులూ డోరు హ్యాండిళ్ళూ బీడింగులూ లాంటివి మద్రాసు పుదుపేటలో వెతకాలి, బండి పుట్టింది ఆ పక్కనే వండలూరులో కాబట్టి ఆశ ఉంది.

మీ ఇంటి పెరట్లోనో కొబ్బరితోటలోనో పాత హెరాల్డో, అదే స్టాండర్డ్ కంపెనీ గజెల్లో, స్టాండర్డ్ టెన్నో పడి ఉంటే స్క్రాప్ వాడికి ఇచ్చెయ్యకండి, దయచేసి ముందు నాకు చెప్పండి. బాడీ పోయినా పర్లేదు, టెన్‌లో ఉన్నదీ ఈ 948 ఇంజినే. నాకు అర్జెంటుగా కావాల్సింది గేర్ బాక్స్, మా దాంట్లో రెండో గేరు సింక్రోనైజర్ రింగు పళ్ళు అరిగి గియ్యిమంటోంది. కాకినాడ నుంచి ఏలూరు వరకు ఎక్కడున్నా వచ్చి చూసుకుంటాను, కామెంట్‌లో ఊరి పేరు చెప్తే చాలు.